తొమ్మిది బండ్లు... ఒకటే దారి!

వీధి మలుపు తిరక్కముందే ఫలానావాళ్ళు వస్తున్నారని చెప్పేసే బండి ఏది చెప్పండి? ఇంకేముంది, బుల్లెట్టే! మన చిన్నప్పుడు ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఏ ప్రెసిడెంటు గారికో, ఎస్సై గారికో ఉండేది. అది 'డగ్... డగ్... డగ్' మంటూ వస్తుంటే అరుగుల మీద కబుర్లు కాసేపు ఆగిపోయేవి.

ఇప్పుడు ఆ బండి, దాని అన్నదమ్ములూ ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు మీదికో, విశాఖ నుంచి అరకు ఘాటు మీదికో పదేసి బండ్లు బారులు తీరి వెళ్ళడం మీరూ చూసే ఉంటారు. దళసరి కోట్లు, మోకాళ్ళకి తొడుగులు, బండికి రెండు పక్కలా సంచులు. "వీళ్ళకి ఇంటి దగ్గర పనీపాటా లేదు కాబోలు" అని మనలో చాలామందికి అనిపిస్తుంది. పైగా మన ఇంట్లో మగవాడు కూడా ఆ గుంపులో ఒకడైతే, వాళ్ళు తిరిగి గుమ్మం ఎక్కేదాకా మనకి కాఫీ కూడా సహించదు.

అలాంటి ఒక గుంపుతో, మావారి బండి వెనక సీటు మీద కూర్చుని, 2022 జూలైలో మనాలి నుంచి లేహ్ దాకా వెళ్ళొచ్చాను. కొండల అందాలు ఎలాగూ చెబుతాను. కానీ అంతకంటే ముఖ్యం ఆ బండ్లవాళ్ళ మధ్య ఉండే కట్టుబాటు. అది చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

పడక్కుర్చీలాంటి బండి

ముందు ఈ బండ్ల సంగతి కాస్త చూద్దాం. 'క్రూయిజర్' అంటే జోరుగా దూసుకుపోయే బండి కాదు, తీరిగ్గా చాలా దూరం పోయే బండి. సీటు కిందికి ఉంటుంది, హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది. కాళ్ళు ముందుకి పెట్టుకుని, నడుం నిటారుగా ఉంచి, పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. అమెరికాలో 1903లో మొదలైన హార్లీ డేవిడ్‌సన్ బండ్లు ఈ తరహాకి పెట్టింది పేరు. మన దేశంలో మధ్యతరగతి వాళ్ళకి అందినవి ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, బజాజ్ అవెంజర్, 2020లో వచ్చిన మీటియర్ లాంటివి. వీటికి తోడు అందరికీ పెద్దన్న బుల్లెట్ ఎలాగూ ఉంది.

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండు. ఆ పేరుతో మొదటి బండి 1932లో వచ్చింది. స్వతంత్రం వచ్చాక సరిహద్దుల్లో తిరగడానికి మన మిలటరీ వాళ్ళు ఈ బండ్లు తెప్పించుకున్నారు. 1955లో మద్రాసులో ఫ్యాక్టరీ పెట్టారు. చిత్రం ఏమిటంటే, 1970 నాటికి ఇంగ్లండులో కంపెనీ మూతపడింది గానీ మద్రాసులో మాత్రం బండి ఆగలేదు. అత్తవారింటికొచ్చిన పిల్ల ఆ ఇంటిపేరే నిలబెట్టినట్టుంది కదూ!

ఒక్కో బుల్లెట్ బరువు సుమారు 190 కిలోలు. పడితే ఒక్కరు లేపడం కష్టం. వీళ్ళ స్నేహాలకి అసలు మూలం ఆ బరువులోనే ఉందని నాకనిపిస్తుంది. పక్కవాడి సాయం లేకుండా వెళ్ళే బండి కాదది.

బయల్దేరే ముందు మాట

మేం తొమ్మిది బండ్లవాళ్ళం, పన్నెండుమందిమి. తొమ్మిదిమంది నడిపేవాళ్ళు, వెనక సీట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళం. బండ్లని సికింద్రాబాదులో రైలు పార్సిల్‌లో వేశాం. (పార్సిల్ వెయ్యాలంటే ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు సుమండీ!) ఢిల్లీలో దించుకుని, చండీగఢ్ మీదుగా మనాలి చేరాం.

మనాలిలో ఆ రాత్రి అందర్నీ కూర్చోబెట్టి, గుంపుకి పెద్దగా ఉన్నాయన కట్టుబాట్లు చెప్పాడు. ముందు ఒకే బండి, అది దారి చూపిస్తుంది. దాన్ని ఎవరూ దాటకూడదు. చివర ఒకే బండి, అది ఎవర్నీ వెనక వదిలిరాకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిపేవాణ్ణి ముందుబండి వెనకే పెడతారు. ఎందుకంటే వాడి వేగమే అందరి వేగం. ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు, ముగ్గులో చుక్కల్లా దూరం పాటించాలి.

దారిలో మాటలుండవు, అన్నీ సైగలే. ముందువాడు ఎడమ చెయ్యి పైకెత్తి పిడికిలి బిగిస్తే ఆగమని. కాలు చాపి నేల వైపు చూపిస్తే అక్కడ గుంత ఉందని. పెట్రోలు ట్యాంకు మీద తడితే పెట్రోలు అయిపోవచ్చిందని. ముందువాడు చేసింది వెనకవాడు, వాడు చేసింది వాడి వెనకవాడు, అలా చివరిదాకా అందిస్తారు. పెళ్ళి పందిట్లో వడ్డన బంతి చివరికి విస్తళ్ళు అందించుకున్నట్టే!

అన్నిటికంటే చివర చెప్పిన మాట ఇది: "తొమ్మిది బండ్లు వెళుతున్నాయి. ప్రతి రాత్రీ తొమ్మిది బండ్లూ ఒక్కచోటే ఆగాలి." అప్పుడు అందరం తలలూపాం. ఊపడం తేలికే కదండీ.

చివరి బండి ఒక పెద్దాయనది. అరవై దాటాయి. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. అందరూ 'బాబాయ్' అనే పిలుస్తారు. ఆయన బుల్లెట్ వయసు మా పెద్దాడి కంటే ఎక్కువ. దాని మీద లేహ్ వెళ్ళాలని ఇరవై ఏళ్ళ కోరికట. కూతుళ్ళ చదువులనీ, పెళ్ళిళ్ళనీ ఏడాదికేడాది వాయిదా వేస్తూ వచ్చారు. అందరికంటే చిన్నవాడు మెదక్ కుర్రాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. అవెంజర్ బండి, నోరు తెరిస్తే నవ్వు.

వెనక సీటంటే సామాను కాదు

ఇక్కడ మన ఆడవాళ్ళకి పనికొచ్చే విషయాలు కొన్ని చెప్పేస్తాను. వెనక కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. మలుపులో బండి ఎటు వాలితే మనమూ అటే వాలాలి. భయపడి రెండో వైపు వాలామా, నడిపేవారికి బండి మాట వినదు. వెనక ఎవరొస్తున్నారో, ఎన్ని బండ్లు కనిపిస్తున్నాయో లెక్క చూసి చెప్పాల్సింది మనమే.

చీర, చున్నీ వద్దే వద్దు. కొంగు చక్రంలో పడితే ఎంత ప్రమాదమో మీకు తెలియంది కాదు. ప్యాంటు, పైన దళసరి కోటు, చీలమండ దాటే బూట్లు వేసుకోవాలి. పక్కకి తిరిగి కూర్చోకూడదు, అటొక కాలు ఇటొక కాలు వేసుకోవాలి. హెల్మెట్ చట్టం ప్రకారం కూడా మనకీ తప్పనిసరే. వాన కోటు మీద కోటుగా పైనే అందుబాటులో ఉండాలి.

అసలు ఇబ్బంది బాత్రూముది. మనాలి దాటాక మంచి చోట్లు తక్కువ. అందుకని చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. అంత ఎత్తులో అది ఒంటికి చేటు. ఆడవాళ్ళం ముగ్గురం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకరు ఆగాలంటే ముగ్గురమూ దిగుతాం. దుప్పటి అడ్డం పట్టడానికి ఇద్దరుంటారు. నెలసరి సామాన్లు ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి.

తిండి సంగతి మరీ తమాషా. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి నీళ్ళు త్వరగా మరుగుతాయి. మరిగినా వేడి తక్కువే. మన దగ్గర 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు 14,000 అడుగుల ఎత్తున సుమారు 86 డిగ్రీలకే తెర్లుతాయి. అందుకే అక్కడ కుక్కరు లేకపోతే అన్నం పలుకు పలుకుగానే ఉండిపోతుంది, పప్పు అసలు ఉడకదు. అందుకని అటుకులు పట్టుకెళ్ళాను. ఇంటి దగ్గరే నూనెలో ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, వేరుశెనగ గుళ్ళు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువ వేసి కరకరలాడేలా పోపు పెట్టి, ఉప్పు, పసుపు, ఆమ్‌చూర్ పొడి కలిపి, చల్లారాక దళసరి అటుకుల్లో కలిపి డబ్బాల్లో పోశాను. తినే ముందు వేడినీళ్ళు చిలకరించి, మూతపెట్టి పది నిమిషాలుంచితే చాలు, అటుకుల పులిహోర తయారు. దానికి ఉడకబెట్టే పనే లేదు. దీంతోబాటు సున్నుండలు, పుట్నాల పొడి ఉంటే దిగుల్లేదు.

చంద్రా, భాగా దాటి...

మనాలి దాటితే రోహ్‌తాంగ్ కనుమ కింద అటల్ సొరంగం. తొమ్మిది కిలోమీటర్ల పొడవు. 2020 అక్టోబరులో తెరిచారు. ఇవతల పచ్చటి దేవదారు చెట్లు, మబ్బులు. అవతల గట్టున తేలేసరికి చెట్లు పల్చబడి, రాళ్ళ కొండలు, నీలాకాశం. తలుపు తీసి వేరే ఇంట్లోకి వెళ్ళినట్టుంటుంది.

తాండి దగ్గర చంద్రా నది, భాగా నది కలుస్తాయి. ఆ కలిసిన నదే చంద్రభాగ, అదే కిందికెళ్ళి చీనాబ్ అవుతుంది. అక్కడి పెట్రోలు బంకు దగ్గర ఒక బోర్డు బండ్లవాళ్ళందరికీ కంఠస్థం. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని రాసి ఉంటుంది. అక్కడ ట్యాంకులు నింపి, డబ్బాల్లో కూడా పోయించుకున్నాం. పక్కనే కర్ణాటక నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర డబ్బా లేదు. బాబాయ్ తన దగ్గరున్న రెండో డబ్బా తీసి ఇచ్చేశారు. "మళ్ళీ ఎలా ఇస్తారండీ?" అన్నాను. "దారిలో ఎవరికో ఒకరికి ఇస్తార్లే అమ్మాయ్" అన్నారు.

జిస్పాలో రెండు రాత్రులు ఉన్నాం. అది 10,500 అడుగుల ఎత్తు. ఒంటికి పల్చటి గాలి అలవాటు కావాలంటే ఇలా ఆగి ఆగి వెళ్ళాలి. మూడో రోజు సుమారు 16,000 అడుగుల బారాలాచా కనుమ ఎక్కి, సాయంత్రానికి సర్చూ గుడారాలకి దిగాం. దారిలో మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే వాగులున్నాయి. మధ్యాహ్నం ఎండ పెరిగేకొద్దీ వాటి నీళ్ళూ పెరుగుతాయి. అందుకే తెల్లారకుండానే బయల్దేరాలి. ఒక్కో వాగు దగ్గర ముందు దాటినవాళ్ళు బండి ఆపి, బూట్లతోనే నీళ్ళలో దిగి, వెనకవాళ్ళ బండ్లు పట్టుకుని దాటించారు. మా బండ్లనే కాదు, ముక్కూమొహం తెలియని వాళ్ళ బండ్లని కూడా.

సర్చూలో ఆ రాత్రి

సర్చూ 14,000 అడుగుల ఎత్తున ఉన్న మైదానం. హిమాచల్‌కీ లడఖ్‌కీ సరిహద్దు. పగలు చూస్తే ముచ్చటగా ఉంటుంది. రాత్రయితే చలి ఎముకలు కొరుకుతుంది. అక్కడొక చిక్కుంది. సర్చూ గిన్నె అడుగులాంటిది. ఇటు వెనక్కి వెళ్ళాలన్నా బారాలాచా ఎక్కాలి, అటు ముందుకి వెళ్ళాలన్నా కనుమలు ఎక్కాలి. ఎవరికైనా ఎత్తు పడకపోతే కిందికి దించడమే అసలు మందు. కానీ అక్కడ దిగాలంటే ముందు ఎక్కాలి.

రాత్రి పదకొండింటికి మెదక్ కుర్రాడికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఒంటిగంటకి మాట తడబడింది. పెదవులు నీలంగా మారాయి. పడుకుంటే ఊపిరాడటం లేదంటాడు. ఆ పిల్లాడి తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు "అమ్మకి చెప్పకండి ఆంటీ" అంటాడు. చెబుదామన్నా ఫోనుకి సిగ్నలేదీ?

పక్క గుడారాల్లో కేరళ నుంచి వచ్చిన బండ్లవాళ్ళున్నారు. లేహ్ చూసి తిరిగి వస్తున్నారు. అలికిడికి లేచి, వాళ్ళ దగ్గరున్న చిన్న ఆక్సిజన్ డబ్బాలు రెండూ తెచ్చి ఇచ్చారు. బాబాయ్, మావారు కలిసి మిలటరీ క్యాంపుకి వెళ్ళి లేపారు. వాళ్ళు పెద్ద సిలిండరు పెట్టి, చూసి, తెల్లారేలోగా కిందికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. గుడారాల యజమాని తన జీపు ఇస్తానన్నాడు.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. ఎవరు వెనక్కి వెళ్ళాలి? మాలో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన ఉన్నాడు. సెలవు ఇంకా ఆరు రోజులే. "జీపులో ఇద్దరు వెళితే చాలదా? మిగతావాళ్ళం ముందుకి పోదాం. అందరం వెనక్కి వెళ్ళి వాడికి చేసేదేముంది?" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదండీ. అంత ఖర్చు పెట్టుకుని, సెలవులు కూడబెట్టుకుని వచ్చినవాళ్ళే అందరూ. గుడారంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి బాబాయే అన్నారు. "వాడికి చేసేది ఏమీ లేకపోవచ్చు. కానీ కళ్ళు తెరిచేసరికి మనవాళ్ళు ఎంతమంది కనపడతారో అంత ధైర్యం. అయినా మనాలిలో తలలూపాం కదా!"

అంతే. నాలుగింటికి జీపు బయల్దేరింది. కుర్రాడి పక్కన సిలిండరు పట్టుకుని నేను కూర్చున్నాను. వెలుతురు రాగానే వెనక మావాళ్ళ బండ్లు కదిలాయి. మరి కుర్రాడి అవెంజర్ ఎవరు తేవాలి? మా ముగ్గురు ఆడవాళ్ళకీ అంత బండి నడపడం రాదు. కేరళ వాళ్ళలో వెనక సీటు మీద వచ్చిన ఒకాయన, "మేం ఎలాగూ కిందికే కదా" అని ఆ బండి తీశాడు. బారాలాచా ఎక్కుతున్నంతసేపూ కుర్రాడి ఊపిరి లెక్కపెడుతూనే ఉన్నాను. కనుమ దాటి దిగడం మొదలయ్యాక ఒక్కో మలుపుకీ వాడి మొహంలోకి రంగు రావడం కళ్ళారా చూశాను. కీలాంగ్ ఆసుపత్రికి చేరేసరికి దాహం అని అడిగాడు. ఆ మాటకి నాకు ఏడుపాగలేదు.

కేరళ ఆయన జిస్పాలో బండి అప్పగించి, తాళాలు మావారి చేతిలో పెట్టి, అటుకుల పులిహోర తిని వెళ్ళిపోయాడు. పెట్రోలుకి కూడా డబ్బు తీసుకోలేదు.

ఆగిపోయిన బుల్లెట్

రెండు రోజులు జిస్పాలోనే ఉన్నాం. కుర్రాడు లేచి తిరిగాడు. డాక్టరు గారు మాత్రం ఈసారికి మళ్ళీ పైకి వెళ్ళొద్దన్నారు. మనాలి దాకా వాడితో ఎవరో ఒకరు వెళ్ళాలి. ఒంటరిగా పంపే ప్రశ్నే లేదు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుండగానే బాబాయ్ తన సంచులు బండికి కట్టడం మొదలుపెట్టారు.

"మీరెందుకు బాబాయ్ గారూ, ఇరవై ఏళ్ళ కోరిక కదా?" అన్నాను.

"మీకందరికీ సెలవుల లెక్క ఉంది. నాకేం ఉందమ్మా? కొండ ఎక్కడికీ పోదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. కానీ పైకి వెళ్ళే దారి వైపు మాత్రం చూడలేదు.

వెళ్ళే ముందు సామాన్ల సంచీ మావారికిచ్చి, క్లచ్ వైరు తెగితే ఎలా మార్చాలో దగ్గర కూర్చుని చేసి చూపించారు. ఒకసారి కాదు, రెండుసార్లు. "నువ్వూ చూడమ్మాయ్, ఒకరు మర్చిపోతే ఒకరికి గుర్తుంటుంది" అన్నారు. చివరి బండి చోటు ఎవరు తీసుకుంటారని అడిగితే, సాఫ్ట్‌వేర్ ఆయన చెయ్యెత్తాడు.

గాటా మలుపుల మీద నీళ్ళ సీసాలు

ఈసారి సర్చూలో ఆగలేదు. సర్చూ దాటాక గాటా లూప్స్ అని 21 మలుపులు కొండని పాములా చుట్టుకుని పైకి పోతాయి. ఆ మలుపుల్లో ఒకచోట గుట్టలుగా నీళ్ళ సీసాలు కనిపిస్తాయి. దాని వెనక ఒక కథ చెబుతారు. ఎప్పుడో చలికాలం మొదట్లో ఒక లారీ అక్కడ చెడిపోయిందట. క్లీనరుకి ఒంట్లో బాగాలేదు. డ్రైవరు అతన్ని అక్కడే ఉంచి సాయం కోసం వెళ్ళాడట. మంచు పడి దారి మూసుకుపోయింది. మళ్ళీ వచ్చేసరికి క్లీనరు దాహంతో, చలితో ప్రాణాలు వదిలాడట. అప్పట్నుంచి వచ్చేపోయేవాళ్ళు అతని పేర ఒక సీసా నీళ్ళు పెట్టి వెళతారు. నిజమో, కల్పనో గానీ, బండ్లవాళ్ళు అక్కడ ఆగకుండా పోరు. మేమూ ఒక సీసా పెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరికీ జీపులో దిగిన కుర్రాడే గుర్తొచ్చాడని నాకు తెలుసు.

ఆ పైన నకీ లా దగ్గర సరిగ్గా మా బండి క్లచ్ వైరే తెగింది! మిగతా బండ్లు మలుపు దాటిపోయాయి. వెనక వస్తున్న సాఫ్ట్‌వేర్ ఆయన ఆగి, బండి స్టాండు వేసి, పరుగున వచ్చాడు. 15,000 అడుగుల పైన నాలుగడుగులు పరుగెత్తితేనే ఆయాసం. మావారు పానా పట్టారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వైరు చివర చిన్న బిళ్ళ ఏ వైపు తిప్పి పెట్టాలో ఆయనకి గుర్తు రాలేదు. నాకు గుర్తుంది! ముప్పావు గంటలో బండి కదిలింది. ఈలోగా అటు వెళుతున్న నాలుగు బండ్లు, ఒక లారీ ఆగి "ఏం కావాలి?" అని అడిగి వెళ్ళాయి. మలుపు దాటి చూస్తే మావాళ్ళంతా రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్నారు. వెనక బండి కనిపించకపోతే ముందువాడు ఆగాలి, వాణ్ణి చూసి వాడి ముందువాడు ఆగాలి. అదీ లెక్క.

ఆ రాత్రి పాంగ్‌లో పడుకుని, మర్నాడు మోరే మైదానం దాటాం. సుమారు నలభై కిలోమీటర్లు బల్లపరుపు నేల, రెండు పక్కలా గోధుమరంగు కొండలు. తర్వాత తంగ్లాంగ్ లా. 17,000 అడుగుల పైచిలుకు ఎత్తు. అక్కడ కట్టిన రంగురంగుల ప్రార్థన జెండాలు గాలికి పటపటలాడుతుంటే ఫోటోలు దిగాం. రోడ్డు పక్కన జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు రాళ్ళు కొడుతున్నారు. ఆడవాళ్ళూ ఉన్నారు. మనం గంటసేపు నిలబడలేని చోట వాళ్ళు నెలల తరబడి పనిచేస్తారు. మన ప్రయాణం వాళ్ళు వేసిన దారి మీదే. మిగిలిన సున్నుండలు ఆ తల్లుల చేతుల్లో పెట్టాను.

లేహ్ బజారులో ఖుబానీ

సాయంత్రానికి లేహ్ చేరాం. బజారులో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు బారుగా కూర్చుని ముల్లంగి, ఆకుకూరలు, ఎండు ఆప్రికాట్లు అమ్ముతున్నారు. అవేమిటనుకున్నారు? మన హైదరాబాదు పెళ్ళిళ్ళలో పెట్టే ఖుబానీ కా మీఠాలోని ఖుబానీలే! గింజ పగలగొడితే లోపల బాదంలాంటి పప్పుంటుంది. అక్కడి రొట్టె పేరు ఖంబీర్. వెన్న, ఉప్పు వేసిన టీలో ముంచుకుని తింటారు. మనకి మొదటి గుక్క కొత్తగా ఉంటుంది, చలికి రెండో గుక్క మీరే అడుగుతారు.

లేహ్ వీధుల్లో ఎక్కడ చూసినా బండ్లే. ఏ రాష్ట్రం నంబరైనా సరే, ఎదురుపడితే ఎడమ చెయ్యి కిందికి చాపి పలకరిస్తారు. భాష రానక్కర్లేదు. పెట్రోలు డబ్బా ఇచ్చిన కర్ణాటక కుర్రాళ్ళు అక్కడ కనిపించారు. "డబ్బా ఏదర్రా?" అంటే, మోరే మైదానంలో పెట్రోలు అయిపోయిన ఎవరికో ఇచ్చేశారట! బాబాయ్‌కి ఫోను చేసి చెబితే పకపకా నవ్వారు.

కిలో ఖుబానీలు ఆయన కోసం తెచ్చాను. ఇప్పటికీ ఆయన లేహ్ చూడలేదు. అడిగితే, "బండీ ఉంది, నేనూ ఉన్నాను" అంటారు. మెదక్ కుర్రాడు మాత్రం ఏ పండక్కీ వాళ్ళింటికి వెళ్ళకుండా ఉండడు.

మన మాట

"బండ్లు మగవాళ్ళ సరదా, మనకెందుకు?" అనుకోకండి. అమెరికాలో 1916లోనే అడెలిన్, అగస్టా వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు చెరొక మోటారుసైకిలు మీద ఆ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి దాటారు. మగవాళ్ళ దుస్తులు వేసుకున్నారని దారిలో పోలీసులు పట్టుకున్నారు కూడా. అంత దూరం ఎందుకు, 2018లో జై భారతి గారు మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి హైదరాబాదు నుంచి మోటారుసైకిళ్ళ మీద బయల్దేరి, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. తర్వాత ఆడవాళ్ళకి బండ్లు నేర్పించడానికి 'మోవో' అనే సంస్థ పెట్టారు.

మీ అబ్బాయో, మీవారో, రేపు మీ అమ్మాయో బండ్లవాళ్ళతో దూరం వెళతానంటే, వద్దని గొడవపడేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మీ గుంపులో చివరి బండి ఎవరిది? ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారు? 10,000 అడుగులు దాటాక ఎన్ని రాత్రులు ఆగుతారు? బయల్దేరే ముందు డాక్టరుకి చూపించుకున్నారా? ఎత్తు పడకుండా వేసుకునే మాత్రలు కూడా డాక్టరు చెబితేనే వేసుకోవాలి. వీటికి తడుముకోకుండా జవాబు చెబితే ఆ గుంపు మంచిదే. "ముందు ఎవరు చేరతారో చూద్దాం" అని పందేలు వేసుకునే గుంపయితే మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడండి, తప్పులేదు.

ఇంకో మాట. వెనక సీటు ఖాళీగా ఉంటే, "నేనూ వస్తాను" అని అడగండి. అటుకుల డబ్బా మాత్రం మర్చిపోకండేం!